బేరమాడని పెట్టుబడి

ఆమెను ఆ వీధిలో అందరూ పెట్టెలొదిన అనేవారు. నిజానికి వదినా అని పిలిచే హక్కున్నది ఒక్క మరిదికే. అతన్ని విని షెడ్డులో పనివాళ్ళు, వాళ్ళను విని అట్టలు దింపే బండివాళ్ళు, ఆఖరికి ఆమె కంటే ఇరవై ఏళ్ళు పెద్దవాడైన షెడ్డు యజమాని కూడా అలాగే పిలవడం మొదలుపెట్టారు. "ఇంతమంది మరుదులున్నారని పెళ్ళప్పుడు ఎవరూ చెప్పలేదు" అనేది ఆమె.

ఆమెది అట్టపెట్టెల తయారీ. చెప్పుల దుకాణాలకి, కేకుల దుకాణాలకి, చిన్నచిన్న ఫ్యాక్టరీలకి కావలసిన కొలతల్లో పెట్టెలు చేసి ఇచ్చేది. పొడవాటి రేకుల షెడ్డు. ఒక గోడ వెంట అట్టల దొంతరలు, ఇంకో గోడ వెంట జిగురు బల్లలు, మధ్యలో పంచింగ్ మిషను. ఉక్కు బ్లేళ్ళు బిగించిన చెక్క అచ్చును ఆ మిషనులో పెట్టి అట్ట అందిస్తే ఒక్క నొక్కుకి పెట్టె ఆకారం తెగుతుంది, మడత గీతలు పడతాయి. అట్టను చేత్తోనే పెట్టాలి, చేత్తోనే తీయాలి. చెయ్యి ఒక్క క్షణం ఆలస్యమైతే వేళ్ళు దక్కవు. దాని దగ్గర మరిది తప్ప ఇంకెవరూ నిలబడేవారు కాదు. పదేళ్ళుగా నిలబడుతున్నా అతని వేళ్ళు పదీ పదిలంగానే ఉన్నాయి.

పెట్టెలొదినకి లోకంలో ప్రతి మనిషి మీదా అనుమానమే. వచ్చిన అట్టల్లో ప్రతి పదో దాని మూల బొటనవేలితో నొక్కి చూసేది. బిల్లు చదివేటప్పుడు కింది నుంచి పైకి చదివేది, మోసం ఎప్పుడూ ఆఖర్నే ఉంటుందని. ఎవరైనా కొంచెం ఎక్కువ నవ్వితే ఆ రోజు బీరువా తాళం రెండుసార్లు లాగి చూసుకునేది. ఆమె భర్త తపాలా ఆఫీసులో గుమాస్తా. ఆయనకి ఎవరి మీదా ఏ అనుమానమూ రాదు. ఇద్దరి వంతు అనుమానమూ తానే మోయాల్సి వస్తోందని ఆమె ఫిర్యాదు.

ఆమె పుట్టుకతో అలాంటిది కాదు. వ్యాపారం మొదలుపెట్టినప్పుడు భర్త స్నేహితుడొకాయన సగం వాటాదారుగా ఉండేవాడు. రోజూ వాళ్ళింట్లోనే భోంచేసేవాడు. ఒక ఆదివారం సెలవు చూసుకుని షెడ్డులోని నలభై అచ్చులూ, ఖాతాదారుల పుస్తకమూ బండికెత్తించుకుని వెళ్ళి, నాలుగు వీధుల అవతల సొంత షెడ్డు తెరిచాడు. సోమవారం పొద్దున తలుపు తీస్తే లోపల జిగురు బకెట్టు మాత్రం మిగిలింది. పాలు తాగి నోరు కాల్చుకున్నవాళ్ళు మజ్జిగ కూడా ఊదుకుని తాగుతారంటారు. ఆమె మంచినీళ్ళు కూడా ఊదుకుని తాగే స్థితికి వచ్చింది. అచ్చులన్నీ మళ్ళీ ఒక్కొక్కటిగా చేయించుకుంది. అప్పుడు ఉద్యోగం లేక ఇంట్లో ఉన్న మరిదిని తెచ్చి మిషను దగ్గర నిలబెట్టింది. అచ్చులు దాచే బీరువాని తామిద్దరూ తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదని నియమం పెట్టింది.

అలా పదేళ్ళు గడిచాక ఒక బల్బుల కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. నెలకి అరవై వేల పెట్టెలు కావాలన్నారు. ఆమె షెడ్డు మొత్తం ఊపిరి బిగబట్టి పని చేసినా పదిహేను వేలు దాటవు. అట్టను తనంతట తానే లాక్కుని తనంతట తానే వదిలే పంచింగ్ మిషను ఒకటి కావాలి. దాని ధర విని భర్త కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టుంది" అన్నాడాయన నెమ్మదిగా.

"ఎగరకపోతే ఇంకెవరో ఎగురుతారు. ఆ తర్వాత మన చెప్పుల డబ్బాలు కూడా వాళ్ళే చేస్తారు" అంది ఆమె.

బ్యాంకుకి వెళ్ళింది. అప్పులిచ్చే ఆఫీసరు మర్యాదస్థుడే. లెక్కల కాగితాలన్నీ తిరగేసి, "వ్యాపారం బాగుందమ్మా. కానీ చేతిలో ఎప్పుడూ డబ్బు కనిపించడం లేదే" అన్నాడు.

"అట్ట కొన్నప్పుడు రొక్కం ఇవ్వాలి. పెట్టె అమ్మితే అరువు. మూడు నెలలకి గానీ రాదు. మధ్యలో ఉన్నదంతా జనం దగ్గర ఉంది సార్, నా దగ్గర లేదు."

"అర్థమైంది. హామీగా ఏదైనా ఆస్తి చూపించండి."

"ఆస్తి ఉంటే అమ్ముకుని మిషను కొనేదాన్ని. మీ దగ్గరికెందుకొస్తాను?"

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. అద్దె షెడ్డు, అత్తగారి పేరున ఇల్లు. మూడుసార్లు తిరిగాక, ఆ కుర్చీ తన కోసం వేసినది కాదని తెలుసుకుని మానేసింది.

సరిగ్గా ఆ వారంలోనే మరిది ఒక మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. అట్టల గోదాము దగ్గర పరిచయమయ్యాడట. చిన్న వ్యాపారాల్లో డబ్బు పెట్టి వాటిని పెద్దవి చేయడం తన పని అన్నాడు. ఇస్త్రీ నలగని చొక్కా, నల్ల తోలు సంచీ, గొంతులో తేనె. ఆ రోజే ఆమె అతనికి పెట్టుబడాయన అని పేరు పెట్టేసింది.

అతను రంగుల బొమ్మలున్న పుస్తకం ఒకటి బల్ల మీద పరిచాడు. మొదటి ఏడు ఇంత, రెండో ఏడు అంత, ఐదో ఏడుకి మూడు షెడ్లు. గీతలన్నీ పైకే పోతున్నాయి. మిషనుకయ్యే డబ్బంతా తనే పెడతానన్నాడు, బదులుగా వ్యాపారంలో నూటికి నలభై వాటా.

పెట్టెలొదిన పుస్తకం వైపు చూడలేదు, అతని చూపు వైపు చూసింది. అతను అట్ట ధర అడగలేదు. వానాకాలంలో అట్ట మెత్తబడితే ఏం చేస్తారని అడగలేదు. పంచింగ్ మిషను పక్కనే నిలబడి కూడా అది గంటకి ఎన్ని కొడుతుందని అడగలేదు. అచ్చుల బీరువా వైపు మాత్రం రెండుసార్లు చూశాడు. ఎవరెవరికి సరఫరా చేస్తారని మూడుసార్లు అడిగాడు.

ఆమె ఒక రాయి వేసింది. "నలభై కుదరదు. ఇరవై ఇస్తాను. డబ్బు మాత్రం మీరు చెప్పినదానికి ఒకటిన్నర రెట్లు కావాలి."

అది నోటికొచ్చిన మాట. ఎదుటివాడు లేచి వెళ్ళిపోవాలి, లేదా గుండె పట్టుకోవాలి. అతను చిరునవ్వుతో తల ఊపాడు. "మీ కష్టం ముందు అదెంత మేడమ్. అలాగే కానివ్వండి. మీ ఖాతాదారుల జాబితా, ఎవరికి ఎన్ని పెట్టెలు, ఏ ధరకి ఇస్తున్నారో రాసిస్తే ఒప్పంద పత్రం తయారు చేయిస్తాను."

అతను వెళ్ళాక మరిది మొహం వెలిగిపోతోంది. "చూశావా వదినా, ఒక్క మాట కూడా కాదనలేదు."

"అదే చూశాను" అంది ఆమె. "సొంత డబ్బు పెట్టేవాడు ఎవడైనా బేరమాడతాడు. ఆడలేదంటే అది అతని డబ్బు కాదు, లేకపోతే అతను కొంటున్నది మనం అనుకుంటున్న సరుకు కాదు."

"నీకు అందరూ దొంగల్లాగే కనిపిస్తారు."

ఆ మాట ఆమెకి ఎక్కడో గుచ్చుకుంది. పదేళ్ళలో అతను ఎప్పుడూ అలా అనలేదు. ఆ పూట నుంచి ఆమె కళ్ళు పెట్టుబడాయన మీద నుంచి మరిది మీదకి జరిగాయి. ఫోను మోగితే షెడ్డు బయటికి వెళ్ళి మాట్లాడుతున్నాడు. తను దగ్గరికి వెళితే మాట మారుస్తున్నాడు. కొత్త చొక్కా ఒకటి కుట్టించాడు. పైగా ఆ మనిషిని తెచ్చింది ఎవరు? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా?

ఆమె అచ్చుల బీరువాకి కొత్త తాళం వేసి, తాళంచెవి తన సంచీలో వేసుకుంది. మర్నాడు పొద్దున మరిది చెప్పుల డబ్బా అచ్చు కోసం వచ్చి పాత తాళంచెవితో తిప్పి చూశాడు. తిరగలేదు. ఆమె లేచి వచ్చి తీసి ఇచ్చింది. ఆ రోజంతా షెడ్డులో మిషను చప్పుడు తప్ప వేరే చప్పుడు లేదు.

జాబితా మాత్రం రాసిచ్చింది. పెద్ద ఖాతాదారులెవరి పేరూ రాయలేదు. ఆరుగురు చిన్నవాళ్ళ పేర్లు రాసి, ఏడోదిగా ఒక కొవ్వొత్తుల కంపెనీ పేరు చేర్చింది. నెలకి ఎనిమిది వేల పెట్టెలు అని రాసి, నోరూరించే ధర వేసింది. అలాంటి కంపెనీ లేదు. రాసిన చిరునామా సొంత అక్కది. ఆ అక్క ముందు గదిలో బట్టలు కుడుతుంది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం అక్క ఫోను చేసింది.

"ఏమే, నేను కొవ్వొత్తులు ఎప్పట్నుంచి చేస్తున్నానే?"

పెట్టెలొదిన కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఎవరొచ్చారక్కా?"

"ఎవరో కుర్రాయన. కొవ్వొత్తుల పెట్టెలు ఇప్పుడు కొంటున్నదానికంటే తక్కువకే ఇస్తామన్నాడు. నేను కుట్టు మిషను ముందు కూర్చుని ఉంటే, ఫ్యాక్టరీ లోపలుందా మేడమ్ అని వంటింట్లోకి తొంగిచూశాడు. ధర మాత్రం పైసల్తో సహా చెప్పాడు. కార్డు ఇచ్చి వెళ్ళాడు."

కార్డు మీద ఉన్నది ఊరవతల పెద్ద పెట్టెల ఫ్యాక్టరీ పేరు. ఆమె జాబితాలో రాసిన ధరకి సరిగ్గా పదో వంతు తగ్గించి చెప్పారు. తీగ లాగితే డొంకంతా కదిలింది. తక్కిన ఆరుగురికీ ఫోను చేస్తే, నలుగురి దగ్గరికి అదే కుర్రాయన వెళ్ళొచ్చాడని తేలింది. వాళ్ళలో ఒక కేకుల దుకాణం వాళ్ళు అప్పటికే అటు తిరిగిపోయారు.

రెండు రోజుల తర్వాత పెట్టుబడాయన ఒప్పంద పత్రంతో వచ్చాడు. ఇరవై నాలుగు పేజీలు. ఆమె అలవాటు ప్రకారం ఆఖరి పేజీ నుంచి మొదలుపెట్టింది. అతను రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. పందొమ్మిదో పేజీ దగ్గర ఆమె వేలు ఆగింది. వరసగా రెండు నెలలు అనుకున్నన్ని పెట్టెలు తయారు కాకపోతే మిషనూ, అచ్చులూ, ఖాతాదారులూ మొత్తం పెట్టుబడి పెట్టినవారికే చెందుతాయి.

"ఇదేమిటండీ?"

"మామూలు షరతే మేడమ్. అందరికీ ఉంటుంది. మీరు ఎదిగేవాళ్ళు, ఆ పరిస్థితి రాదు."

"రెండు నెలలు అట్ట దొరక్కుండా చేస్తే వస్తుంది కదా. ఊరవతల ఫ్యాక్టరీకి అట్టల గోదాము కూడా ఉందని విన్నాను." ఆమె కార్డు తీసి పత్రం మీద పెట్టింది. "కొవ్వొత్తులు మా అక్క చెయ్యదు. బట్టలు కుడుతుంది. మీకు చొక్కా ఏదైనా కావాలంటే చెప్పండి, కొలతలు తీసుకుంటుంది."

అతని మొహంలో రంగు మారలేదు. అన్నిటికంటే తనకి భయం వేసింది అది చూసే అని ఆమె తర్వాత చెప్పేది. కార్డు వైపు చూసి, కాగితాలు సర్ది సంచీలో పెట్టుకుని, "మీలాంటి చిన్నవాళ్ళు ఒంటరిగా ఎన్నాళ్ళో నిలబడలేరు మేడమ్" అన్నాడు, వాతావరణం గురించి చెబుతున్నట్టు. తర్వాత మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

అక్కడితో ఆగి ఉంటే ఆమె గెలిచినట్టే. కానీ అనుమానానికి ఒకసారి రుచి తగిలితే ఒక్కరితో ఆగదు. ఆమె అదే వేడిలో మిషను దగ్గరికి వెళ్ళి, పనివాళ్ళు వింటుండగానే మరిదిని అడిగింది. "నీకెంత ఇస్తానన్నాడు?"

అతను మిషను ఆపాడు. చేతులు తుడుచుకున్నాడు.

"డబ్బు ఇస్తాననలేదు వదినా. మేనేజర్ని చేస్తానన్నాడు. నాకు కార్డు కొట్టిస్తానన్నాడు, పేరుతో. బల్బుల కంపెనీకి నేనే వెళ్ళి మాట్లాడొచ్చన్నాడు." తుడుచుకున్న గుడ్డ మిషను మీద పడేశాడు. "అతను దొంగ అని నాకు తెలీదు. తెలిస్తే గడప దాటనిచ్చేవాణ్ణి కాదు. కానీ ఆ మాట విని సంతోషించిన మాట నిజం. పదేళ్ళలో నువ్వు ఒక్కసారైనా, ఇది నీది కూడా అని అన్నావా?"

ఆమె అక్కడ ఊరుకోవాల్సింది. "నాది నీదెలా అవుతుంది" అనేసింది.

అతను పాత తాళంచెవుల గుత్తి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత పన్నెండు రోజులు మిషను కుంటింది. రోజు కూలికి తెచ్చిన మనిషి అతను చేసేదానిలో సగం కూడా చేయలేకపోయాడు. నాలుగో రోజున వేలి కొన తెగబోయి తప్పింది. ఇంట్లో భర్త అన్నం పెట్టుకుంటూ ఒక్కమాట అన్నాడు. "నా స్నేహితుడు మోసం చేసి పోయాడు. తమ్ముణ్ణి నువ్వు పంపించావు. రెండూ ఒకటే కాదు." పదిహేడేళ్ళ కాపురంలో ఆయన ఆమెను తప్పుపట్టింది అదే మొదటిసారి.

ఆమె కూర్చుని ఆలోచించింది. తన డబ్బంతా మూడు నెలలపాటు పరాయి వాళ్ళ దగ్గర ఉంటోంది. అప్పు కోసం బ్యాంకు చుట్టూ తిరిగింది గానీ, తనకి రావలసినది తొందరగా ఇమ్మని ఒక్కరినీ గట్టిగా అడగలేదు. అడిగితే ఖాతాదారు పోతాడేమోనన్న భయం. మర్నాడు బల్బుల కంపెనీకి వెళ్ళి, కొనుగోళ్ళు చూసే ఆఫీసరు ముందు కూర్చుంది.

"అరవై వేలు నా వల్ల కాదండీ. ఇరవై వేలు చేస్తాను. మీ కొలతలు వారం వారం మారుతుంటాయి కదా, ఆ మారేవి నాకివ్వండి. పెద్ద ఫ్యాక్టరీ అచ్చు మార్చడానికి పది రోజులు తీసుకుంటుంది. నేను రెండు రోజుల్లో ఇస్తాను. కాకపోతే సరుకు అందిన పదిహేనో రోజుకి డబ్బు కావాలి."

"మాకు అందరూ తొంభై రోజులు ఆగుతారమ్మా."

"ఆగగలిగినవాళ్ళు ఆగుతారు."

"నలభై ఐదు."

"ఇరవై."

ముప్ఫై దగ్గర తెగింది. ఆయన చెమటలు పట్టేదాకా బేరమాడాడు. ఆమె బయటికి వచ్చాక, అన్నాళ్ళలో మొదటిసారి కడుపు నిండినట్టనిపించింది.

ఇక మిషను. ప్రింటింగు రంగులమ్మే మనిషి ద్వారా ఒక కబురు అందింది. వయసు మీదపడి ప్రింటింగ్ ప్రెస్సు మూసేస్తున్న ఒక పెద్దాయన దగ్గర తనంతట తానే అట్ట లాక్కునే పాత పంచింగ్ మిషను ఉంది. కొత్తదాని ధరలో మూడో వంతు. వాయిదాల మీద ఇస్తాడు. ఆమె వెళ్ళి మిషను చుట్టూ మూడుసార్లు తిరిగింది, కింద పడుకుని కూడా చూసింది. పెద్దాయన కుర్చీలో కూర్చుని ఆమెను చూశాడు.

"దీన్ని తిప్పేదెవరమ్మా?"

"మనిషిని పెట్టుకుంటాను."

"అయితే ఇవ్వను. వాయిదాలన్నీ నువ్వు కట్టే డబ్బుతో కాదు, దీన్ని తిప్పేవాడి చేతులతో వస్తాయి. వాడెవడో తెలియకుండా నిన్ను నేనెలా నమ్మను? వాడి సంతకం కూడా కావాలి నాకు."

తన మాటలే తనకి అప్పజెబుతున్నట్టుంది. ఆమె వెనక్కి వచ్చేసింది. ఆ సాయంత్రం, పెళ్ళయ్యాక వేరే కాపురం పెట్టిన మరిది ఇంటికి వెళ్ళింది. తోడికోడలు తలుపు తీసి, కుర్చీ వేసి లోపలికి వెళ్ళిపోయింది. మరిది వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఆమె సంచీలోంచి కాగితం తీసింది. వ్యాపారంలో నాలుగో వంతు అతని పేరున. బ్యాంకు చెక్కుల మీద ఇద్దరి సంతకాలు. బీరువాకి రెండు తాళంచెవులు.

"అందరి ముందూ అన్నాను. అందరి ముందూ ఇది చదువుతాను, రా" అంది. క్షమాపణ అనే మాట ఆమె నోటికి ఎప్పుడూ సరిగ్గా తిరగలేదు. అంతవరకే తిరిగింది.

మరిది కాగితం తీసుకున్నాడు, చదవలేదు. "రెండు రోజులు టైమివ్వు వదినా. తెలిసిన లాయరుకి చూపించి చెప్తాను."

ఆమెకి ముఖం మీద కొట్టినట్టయింది. "నన్నే అనుమానిస్తున్నావా?"

"అనుమానం కాదు. చదువుకుంటాను."

ఆ రెండు రోజులూ ఆమె నిద్ర సరిగ్గా పోలేదు. ఎవరైనా తన మాటను పరీక్షకి పెడితే లోపల ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. మూడో రోజు అతను ఎర్ర సిరాతో నాలుగు చోట్ల దిద్దిన కాగితంతో షెడ్డుకి వచ్చాడు. నష్టం వస్తే ఎవరు ఎంత భరించాలి, ఒకరు తప్పుకుంటే అచ్చులు ఎవరివి, ఇలాంటివి. ఆమె ప్రతి మాటా చదివింది. మూడు ఒప్పుకుంది, నాలుగోదాని మీద అరగంట వాదించింది. మధ్యలో ఆమెకి నవ్వొచ్చింది, అతనికి రాలేదు. పనివాళ్ళు జిగురు బ్రష్షులు పక్కన పెట్టి వింటూనే ఉన్నారు. చివరికి ఇద్దరూ సంతకాలు పెట్టారు, ఆ సాయంత్రమే ప్రెస్సు పెద్దాయన కాగితం మీద కూడా.

మిషను వచ్చింది. మొదటి నెల అచ్చంగా నరకమే. వానలకి అట్ట చెమ్మ పట్టి మిషనులో ఇరుక్కునేది. బల్బుల కంపెనీ రెండు బండ్ల సరుకు తిప్పిపంపింది. ఒక వాయిదా పది రోజులు ఆలస్యమైతే ప్రెస్సు పెద్దాయన స్వయంగా రిక్షా కట్టించుకుని వచ్చి, మిషను ముందు కుర్చీ వేయించుకుని పొద్దంతా కూర్చున్నాడు. తిట్టలేదు. వెళ్ళేటప్పుడు అట్టల దొంతరలు నేల మీద కాకుండా చెక్క పలకల మీద పెట్టమని చెప్పి పోయాడు. అది చేశాక ఇరుక్కోవడం సగానికి తగ్గింది. ఆరో నెలకి ఇరవై వేలు అందుకున్నారు. పోయిన కేకుల దుకాణం తిరిగి రాలేదు.

వదినా మరుదుల మధ్య పాత చనువు పూర్తిగా తిరిగి వచ్చిందని చెప్పడానికి లేదు. లెక్కలు ఇద్దరూ వేరువేరుగా చూసి, తర్వాత పక్కపక్కన పెట్టుకుంటారు. తేడా వస్తే ఎవరిది తప్పో తేలేదాకా ఇద్దరూ ఇంటికి వెళ్ళరు. బల్బుల కంపెనీకి మాత్రం ఇప్పుడు అతనే వెళ్తున్నాడు.

పోయిన నెల ఆమెకి జ్వరం వచ్చి మూడు రోజులు మంచం మీద ఉంది. షెడ్డు తెరిచిన పదేళ్ళ పైచిలుకులో ఆమె వెళ్ళని పని రోజులు అవే. ఆ మూడు రోజుల్లో షెడ్డుకీ ఇంటికీ మధ్య రెండే ఫోన్లు నడిచాయి. మొదటిది ఆమె చేసింది, అట్ట వచ్చిందా అని. రెండోది అతను చేశాడు, జ్వరం తగ్గిందా అని.